సెప్టెంబర్ 19 అంటే మీకేం గుర్తొస్తుంది?

మాది ఆమదాలవలస. నా దగ్గర బరువులెత్తడం నేర్చుకునే పిల్లల్ని అడిగితే, 2007లో డర్బన్‌లో బ్రాడ్ ఓవర్‌కి యువరాజ్ కొట్టిన ఆరు సిక్సర్లన్నారు. అదే తేదీన 2000లో, సిడ్నీలో, మన ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి గారు ఒలింపిక్ కాంస్యం గెలిచారని వాళ్లకి తెలీదు. మనసు చివుక్కుమంది. మీకు గుర్తుందా?

జవాబు: ఎందుకు లేదు మాస్టారూ! 69 కిలోల విభాగం. స్నాచ్ (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి) 130, మొత్తం 240 కిలోలు. చివర్లో 137.5 ఎత్తబోయారు, అది లేచుంటే బంగారమే. ఇప్పటికీ తలుచుకుంటే టెన్షన్.

జవాబు: మా నాన్న పేపర్లో ఫొటో కత్తిరించి బీరువా తలుపుకి అన్నం మెతుకులతో అంటించారు. అంచులు పచ్చబడ్డాయి, ఊడలేదు.

నేను: దాన్ని ఫోన్లో తీసి పంపండి తమ్ముడూ, రేపు పిల్లలకి చూపిస్తాను.