అణు మేఘంలోకి విమానం పోతే లోపలున్నవాళ్ల సంగతి ఏంటి?

పెద్దవూర కుర్రాడు:
మా దిక్కు లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నా. ఆ ముచ్చట చదువుకుంటూ ఎక్కడికో పోయాను. బాంబు పరీక్ష కాగానే పైలట్లను ఆ మేఘంలోకే పంపేవారట! ఎందుకు? రేడియేషన్ తగలదా?

మిర్యాలగూడ రైస్‌మిల్:
పైలట్ లేని విమానాలు పంపితే అయిపోయేది కదా.

పాత ఫిట్టర్, దేవరకొండ:
పంపారు. 1946లో పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా వాళ్లు బీ-17 బాంబర్ విమానాలను రేడియోతోనే నడిపారు. 1948లో మనుషులున్న విమానం ఒకటి పొరపాటున మేఘంలో దూరి క్షేమంగా వచ్చింది. ఇంకేం, మనుషులనే పంపొచ్చు అనుకున్నారు.

తమ్మీ, నేను ఎయిర్‌ఫోర్స్‌లో కాన్‌బెర్రా బాంబర్ విమానాల మీద ఇంజిన్ ఫిట్టర్‌ను. 1957-58లో పసిఫిక్‌లోని క్రిస్మస్ దీవి దగ్గర బ్రిటన్ వాళ్లు మేఘాల్లోకి పంపింది ఆ రకం విమానాలనే. మేఘంలోని దుమ్మును ఫిల్టర్ కాగితాల మీద పట్టి తేవాలి. బాంబు ఎట్లా పేలిందో ఆ దుమ్మే చెప్తుంది. 1952లో అమెరికా చేసిన 'మైక్' అనే హైడ్రోజన్ బాంబు పరీక్షలో ఐన్‌స్టీనియం, ఫెర్మియం అనే కొత్త మూలకాలు బయటపడ్డది అట్లనే. ఆ రోజే జిమ్మీ రాబిన్సన్ అనే అమెరికన్ పైలట్ తిరిగొస్తూ ఫ్యూయల్ అయిపోయి సముద్రంలో పడ్డాడు. శవం కూడా దొరకలేదు.

రేడియేషన్ తగులుతుంది. గామా కిరణాలకు అల్యూమినియం రేకు ఒక అడ్డమా? పైగా కాన్‌బెర్రా క్యాబిన్‌లోకి గాలి వచ్చేదే బయటి గాలిని పీల్చే ఇంజిన్ కంప్రెసర్ నుంచి. చొక్కాకు పెట్టిన ఫిల్మ్ బ్యాడ్జి బయటి నుంచి తగిలినదాన్నే లెక్కకడుతుంది, పీల్చిన దుమ్ము దానికెక్కదు.

నాకైతే కింద విమానం కడిగినవాళ్ల మీదికే మనసు పోతుంది. ఆగ్రాలో ఆంధీ, అంటే దుమ్ము తుఫాను, వచ్చిందంటే దుమ్మంతా ఆయిల్ కారిన చోటే అతుక్కునేది. బ్రష్షుతో ఎంత రుద్దినా రివెట్ల చుట్టూ నల్లగా మిగిలేది. మాది ఉత్త మట్టి, వాళ్లది బాంబు దుమ్ము. అమెరికా వాళ్లు పైలట్‌నైతే విమానానికి చెయ్యి తగలకుండా ఫోర్క్‌లిఫ్ట్ మీద దించేవారు. కడిగేవాడు చెయ్యి పెట్టకుండా ఎట్లా కడుగుతాడు?

పెద్దవూర కుర్రాడు:
సార్, వాళ్లకు పరిహారం ఏమైనా ఇచ్చారా?

పాత ఫిట్టర్, దేవరకొండ:
అమెరికాలో 1990లో చట్టం తెచ్చారు. పరీక్షల దగ్గర పనిచేసి, లిస్టులో ఉన్న క్యాన్సర్ వస్తే 75,000 డాలర్లు. 2025లో లక్ష చేశారు. బ్రిటన్ 2022లో ఒక పతకం ప్రకటించింది. అదీ అప్లికేషన్ పెట్టుకుంటేనే.