చేర్చి చదవాలా, చీల్చి చదవాలా?

హనుమకొండ సభ్యుడు: పెద్దలకు నమస్కారం. కాజీపేట లోకో షెడ్డులో పనిచేసిన మా మేనమామ బోల్టు తల మీది గుర్తులను నేర్పుతూ ఒక ఆటవెలది చదివేవారు. అందులో నాకు మిగిలింది ఒక్క సరిపాదం (రెండవదో, నాలుగవదో): "చిన్న చుక్క నడుమ చేర్చి చదువు". ఆయన "చేర్చి" అన్నారా, "చీల్చి" అన్నారా అన్నది ఎంత ఆలోచించినా తేలడం లేదు. 8.8, 10.9 వంటి గుర్తులను గురించే ఆ పాదమన్నది మాత్రం ఖాయం. తక్కిన పాదాలు ఎవరికైనా వస్తే దయచేసి తెలుపగలరు.

జనగామ సభ్యుడు: దీనిని ఛందస్సు తేల్చలేదు. రెండూ గలాలే (ఒక గురువు, ఒక లఘువు), యతిస్థానంలో "చి"కి "చే" అయినా "చీ" అయినా స్వరమైత్రితో, అంటే అచ్చుల పొత్తుతో, చెల్లుతుంది. ఇక అర్థమే ఆధారం, అర్థాన్ని బట్టి "చీల్చి" అన్నదే సాధువు. ఆ చుక్క దశాంశ బిందువు కాదు. ఎడమ అంకెను నూటితో హెచ్చిస్తే, బోల్టు ఎంత బలానికి తెగుతుందో చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో వస్తుంది. అందులో ఎన్ని పదోవంతుల దగ్గర ఉక్కు సాగిపోయి తిరిగి యథాస్థితికి రాదో కుడి అంకె చెబుతుంది. 4.8ను, 5.6ను దశాంశాలుగా చదివినవారు రెండవదే అన్ని విధాలా గట్టిదనుకుంటారు. కానీ మొదటిది 320 దగ్గర సాగితే, రెండవది 300 దగ్గరే సాగుతుంది. చీల్చి చదవనివారికి ఈ తేడా కనబడదు.

మంచిర్యాల సభ్యుడు: అయ్యా, మీ లెక్కే "చేర్చి" అన్న నా పాఠాన్ని నిలబెడుతున్నది. రెండు అంకెలను చేర్చి హెచ్చించి, పక్కన సున్న పెట్టండి: 8.8కు 640, 10.9కి 900, 4.6కు 240. బిగించేవాడికి ముందుగా కావలసింది ఈ సాగుడు బలమే. బోల్టు తెగకపోయినా సాగితే చాలు, బిగువు పోతుంది. ఆ పెద్దమనిషి పనివాడు కనుక "చేర్చి" అనే చెప్పి ఉంటారు.

జనగామ సభ్యుడు: "చేర్చు" అన్న క్రియకు హెచ్చించడమన్న అర్థం నేనెక్కడా చూడలేదు, ప్రయోగం చూపితే ఒప్పుకుంటాను. మరొక సాక్ష్యం కూడా ఉన్నది. తల పలచగా ఉండి పూర్తి భారాన్ని మోయలేని బోల్టుకు 08.8 అని ముందు సున్న చేర్చి గుర్తు వేస్తారు. అది ఒకే సంఖ్య అయితే ఆ సున్నకు విలువే లేదు. విడివిడి సంకేతాలు కనుకనే దానికొక అర్థం వచ్చింది.

కరీంనగర్ సభ్యుడు: "చేర్చి" అన్న మాట ఆ పద్యంలోదే అయినా, ఈ పాదంలోది కాదని నా అభిప్రాయం. అంగుళాల కొలతతో వచ్చే అమెరికా పద్ధతి బోల్టుల తలపై అంకెకు బదులు గీతలుంటాయి. మూడు గీతలుంటే ఐదవ గ్రేడు, ఆరుంటే ఎనిమిదవ గ్రేడు; అంటే గీతల లెక్కకు రెండు చేర్చాలి. పోయిన పాదం ఆ గీతలదై ఉంటుంది. అక్కడి "చేర్చి" జ్ఞాపకంలో జారి ఇక్కడికి వచ్చి ఉంటుంది. నోటి మీద నడిచే ఆటవెలదికి ఇది కొత్త కాదు. వేమన పద్యాలను బ్రౌన్ 1829లో అచ్చు వేయించేనాటికే ఎన్నో పాఠభేదాలు పుట్టి ఉన్నాయి. వేమన సరిపాదంలో చివరి మాట మారినా పద్యం కుంటుపడదు. ఆ నడకలోని హాయి అటువంటిది.

మంచిర్యాల సభ్యుడు: వేమన మాట నిజమే కానీ, ప్రశ్న "చుక్క" దగ్గర ఉన్నది. స్టెయిన్‌లెస్ బోల్టుపై ఏ2-70 అని నడుమ అడ్డగీత ఉంటుంది. అక్కడ ఏ2 ఉక్కు జాతిని, 70 అన్నది 700 బలాన్ని సూచిస్తాయి. వాటిని కలిపి హెచ్చించడానికి వీలే లేదు. అందుకే పద్యకర్త "చుక్క నడుమ" అని ప్రత్యేకంగా చెప్పి, చుక్క ఉన్నచోటనే చేర్చమన్నారు. నా పాఠం మారదు.

హనుమకొండ సభ్యుడు: కరీంనగర్ వారి ఊహ విన్న తరువాత మొదటి పాదం "గీత" అని మొదలయ్యేదేమోనని అనిపిస్తున్నది. షెడ్డులో ఆయనతో పనిచేసినవారు కాజీపేట, డోర్నకల్ ప్రాంతాల్లో ఎవరైనా ఉంటే, ఆ పాదం ఒక్కటైనా అడిగి చెప్పగలరా?