కాడు రమ్మంటే బక్ ఏమంటుంది?

అమెరికన్ రచయిత జాక్ లండన్ 1903లో రాసిన నవల ‘ద కాల్ ఆఫ్ ద వైల్డ్’కి తెలుగు పేరేం పెట్టాలని నిన్న గ్రూపులో అడిగారు. చాలామంది ‘అడవి పిలుపు’ అన్నారు. తప్పేం లేదు. నాకైతే మా అమ్మమ్మ మోకాళ్ళు పట్టుకుని లేస్తూ అనే మాట గుర్తొచ్చింది: ‘ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది.’

ఇక్కడ కాడు అంటే వల్లకాడు. తమిళులకీ కన్నడిగులకీ కాడంటే నేటికీ అడవే. మన నిఘంటువుల్లోనూ ఆ అర్థం ఉంది గానీ, వాడుకలో మాత్రం శ్మశానమే మిగిలింది. ఊరి బయట ఉన్నదంతా చావే అనుకున్నామేమో!

ఆ నవలకి నాయకుడైన బక్‌కి ఈ సామెత అతికినట్టు సరిపోతుంది, అర్థమే తిరగబడుతుంది. నాలుగేళ్ళ కుక్క, 140 పౌండ్ల బరువు, అంటే 63 కిలోల పైమాటే. కాలిఫోర్నియాలో జడ్జిగారింట దర్జాగా బతికేది. 1897లో కెనడాలోని క్లోండైక్ బంగారం కోసం జనం ఎగబడ్డారు, మంచులో బండ్లు లాగే కుక్కలకి గిరాకీ పెరిగింది. తోటమాలి సహాయకుడు దాన్ని గుట్టుగా అమ్మేశాడు. ఆ తర్వాత ఎర్ర స్వెట్టరువాడు దుడ్డుకర్రతో చావగొట్టి దారికి తెచ్చాడు. కర్రా కోరా అక్కడి చట్టం అంటాడు లండన్. కోర సరే, అడవిదే. కర్ర మాత్రం ఊరిదే కదా! పొమ్మన్నది ఊరే.

(1906లో లండనే రాసిన ‘వైట్ ఫాంగ్’ది ఎదురు దారి. అడవిలో పుట్టి, మనిషికి మచ్చికై, చివరికి అదీ ఒక జడ్జిగారింటికే చేరుతుంది.)

ఇంకో మాట, ‘అడవి గాచిన వెన్నెల’. చూసేవాడు లేడు కాబట్టి దండగ అని మన లెక్క. నవల చివర్లో తను ప్రాణంగా చూసుకున్న యజమాని చనిపోయాక బక్ మడుగు పక్కనే ఉండిపోతుంది. నిండు చంద్రుడు పైకొస్తాడు. చెట్ల మధ్య ఖాళీలో పరుచుకున్న ఆ వెన్నెల్లోకి తోడేళ్ళ గుంపు వరదలా వచ్చిపడుతుంది. ఆఖరి వాక్యంలోనూ గుంపుకి ముందు పరిగెడుతున్న బక్ మీద అదే వెన్నెల. ఆ కుక్కనడిగితే మన జాతీయానికి నవ్వుతుంది.

అందుకే నా ఓటు ‘కాడు రమ్మంది’కి. శ్మశానం కథ అనుకుంటారని మా ఆవిడ అభ్యంతరం, అదీ నిజమే. చిత్తూరు, హోసూరు వైపువాళ్ళు చెప్పండి: మీ ఇళ్ళల్లో కాడంటే అడవి అనే అర్థం ఇంకా వినిపిస్తోందా?