అవిద్య ఎవరిది? తాడు-పాము దగ్గరే ఆగిపోయాను

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా రాత్రిళ్లు శంకరుల బ్రహ్మసూత్ర భాష్యం తెలుగు తాత్పర్యంతో చదువుతున్నాను. సంస్కృతం అంతంతమాత్రం. మొదట్లో వచ్చే అధ్యాస భాష్యమే (తాడును పాము అనుకున్నట్టు, ఒకదాన్ని మరొకటిగా పొరబడటం గురించిన భాగం) ఇంకా దాటలేదు.

మొన్న ఊళ్లో కరెంటు పోయినప్పుడు బావి గట్టు మీద పామును చూసి ఎగిరి గంతేశాను. సెల్‌ఫోన్ లైటు వేస్తే తడిసిన చేంతాడు! నవ్వొచ్చింది గానీ డౌటు అక్కడే మొదలైంది. అక్కడ తాడు కాక, భ్రమపడటానికి నేనొకణ్ణి ఉన్నాను. బ్రహ్మం ఒక్కటే సత్యమైతే భ్రమపడింది ఎవరు? జీవుడంటే, ఆ జీవభావమే అవిద్య (అసలు స్వరూపం తెలియని అజ్ఞానం) వల్ల వచ్చిందంటారు. బ్రహ్మమంటే, స్వయంప్రకాశానికి చీకటేమిటి?

శంకర భాష్యానికి వాచస్పతి మిశ్రుడు రాసిన వ్యాఖ్య భామతి అవిద్యకు ఆశ్రయం (అది ఉండే చోటు) జీవుడంటుంది, అద్వైతంలోనే మరో శాఖ అయిన వివరణ సంప్రదాయం బ్రహ్మమే అంటుంది. తన బ్రహ్మసూత్ర వ్యాఖ్య శ్రీభాష్యంలో రామానుజులు అద్వైతాన్ని తప్పుపట్టిందీ ఇక్కడే. విత్తు-మొలకలా జీవుడూ అవిద్యా రెండూ అనాది అన్న జవాబు చదివాను. ప్రశ్నను వెనక్కి జరిపినట్టే అనిపించింది. మా బాబాయేమో 'అడిగేవాడెవడో చూసుకోరా' అన్నాడు. అది రమణ మహర్షి దారి, కాదనను. నాకు తర్కంలో జవాబు కావాలి.

గురువు దగ్గర చదువుకున్నవాళ్లెవరైనా వివరణ పక్షం దీన్నెలా సమర్థిస్తుందో ఒక ఉదాహరణతో చెప్పగలరా? 'అనుభవంలోకి వస్తే తెలుస్తుంది' అని మాత్రం అనకండి, ప్లీజ్.