అమ్మకి అండాశయ క్యాన్సర్ మళ్ళీ వచ్చింది, ట్రయల్‌లో తీసుకుంటారా? "లైన్లు" ఎలా లెక్కపెడతారు?

శైలు_తెనాలి:
అందరికీ నమస్కారం. మా అమ్మకి 61 ఏళ్ళు. హై గ్రేడ్ సీరస్ అండాశయ క్యాన్సర్, మూడో స్టేజిలో బయటపడింది. ముందు మూడు కీమోలు, కార్బోప్లాటిన్ పాక్లిటాక్సెల్ ఇచ్చి, ఆపరేషన్ చేసి, మళ్ళీ అవే మూడు ఇచ్చారు, ఆ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా బెవాసిజుమాబ్ మెయింటెనెన్స్. కీమో అయ్యాక ఏడాదిన్నర బాగానే ఉంది. తర్వాత సీఏ-125 (రక్తంలో చూసే క్యాన్సర్ మార్కర్) పెరిగింది, స్కాన్‌లో గడ్డలు కనిపించాయి, కార్బోప్లాటిన్‌తో లైపోసోమల్ డాక్సోరూబిసిన్ కలిపి ఆరు సైకిళ్ళు ఇచ్చారు. అవి అయిపోయి నాలుగు నెలలే, మళ్ళీ వచ్చింది. ఇది ప్లాటినం రెసిస్టెంట్ (కార్బోప్లాటిన్ లాంటి ప్లాటినం మందులకి లొంగనిది) అనీ, వచ్చే వారం నుంచి వీక్లీ పాక్లిటాక్సెల్ మొదలెడదామనీ, ఈలోగా ట్రయల్ ఏదైనా దొరికితే చూడమనీ డాక్టరు గారు అన్నారు.

తమ్ముడు ఒక ట్రయల్ వివరాలు పంపాడు. అందులో ఇంతకుముందు 1 నుంచి 3 లైన్ల ట్రీట్‌మెంట్ అయిన వాళ్ళే కావాలని ఉంది. మేము లెక్కేస్తే ఆపరేషన్‌కి ముందుది ఒకటి, తర్వాతది ఒకటి, మెయింటెనెన్స్ ఒకటి, మొన్నటిది ఒకటి, మొత్తం నాలుగు. ఇంక ఆశ వదులుకోవాల్సిందేనా? హిమోగ్లోబిన్ 8.6 ఉంది, వాళ్ళకి 9 కావాలట, రక్తం ఎక్కించుకుని వెళ్తే సరిపోతుందా? ఇవన్నీ ఒక ఎత్తు, మా నాన్న ఒక ఎత్తు. "మన మనిషి మీద ప్రయోగాలు చేయిస్తావా, సగం మందికి ఉత్త బిళ్ళలు ఇస్తారట" అని కూర్చున్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్.

కోఆర్డినేటర్_హైదరాబాద్:
శైలు గారూ, నేను క్యాన్సర్ ట్రయల్స్‌లో స్టడీ కోఆర్డినేటర్‌గా పనిచేస్తాను, డాక్టర్ని కాదు. ముందు ఆ నాలుగు అనే లెక్క పక్కన పెట్టండి. మామూలుగా ప్రోటోకాల్స్‌లో, అంటే ట్రయల్ నియమాల పత్రాల్లో, ఆపరేషన్‌కి ముందు మూడు, తర్వాత మూడు కలిపి ఒకే లైన్. దాని వెనకే వచ్చిన మెయింటెనెన్స్ కూడా ఆ లైన్‌లో భాగమే, విడిగా లెక్కించరు. జబ్బు పెరగకుండా, కేవలం అలర్జీ వచ్చిందనో తిమ్మిర్లు ఎక్కువయ్యాయనో మందు మార్చినా చాలాచోట్ల కొత్త లైన్ కాదు. జబ్బు మళ్ళీ వచ్చి కొత్తగా మొదలుపెట్టినప్పుడే లెక్క పెరుగుతుంది. కాబట్టి అమ్మగారికి అయినవి రెండు.

చివరి ప్లాటినం డోసు తర్వాత ఆరు నెలల లోపు జబ్బు పెరిగితే రెసిస్టెంట్ అంటారు, మీది నాలుగు నెలలు, సరిపోయింది. అసలు మొదటి కీమోకే లొంగకుండా, లేదా అది అయిన మూడు నెలల్లోనే తిరగబెట్టిన వాళ్ళని చాలా ట్రయల్స్ తీసుకోవు. మీకు మొదటిసారి ఏడాదిన్నర నిలబడింది కనక ఆ ఇబ్బంది లేదు.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. వచ్చే వారం పాక్లిటాక్సెల్ మొదలయ్యేలోపే ట్రయల్ వాళ్ళతో మాట్లాడండి. ఒక్క డోసు పడినా అది మూడో లైన్ కింద వస్తుంది, పైగా వాషవుట్ అని మూడు నాలుగు వారాలు ఆగమంటారు. అలాగని ట్రయల్ కోసం నెలల తరబడి ఏ మందూ లేకుండా కూర్చోకండి, ఎన్ని రోజులు ఆగొచ్చో మీ డాక్టర్నే అడగండి.

ఇంకోటి, ఆపరేషన్ చేసిన ఆస్పత్రి పాథాలజీ ల్యాబ్ నుంచి పారాఫిన్ బ్లాకులు, అంటే మైనంలో భద్రపరిచిన కణితి ముక్కలు, తెచ్చుకోండి. కొత్త మందులు చాలావాటికి కణితి మీద ఫలానా ప్రొటీన్ ఉందో లేదో ముందు చూస్తారు. మిర్వెటుక్సిమాబ్ అనే కొత్త మందు మీద జరిగిన మిరాసోల్ ట్రయల్‌లో ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్నవాళ్ళనే తీసుకున్నారు, అంటే కనీసం 75 శాతం కణాల్లో అది మోస్తరుగా గానీ గట్టిగా గానీ కనిపించాలి. బ్లాక్ లేకపోతే మళ్ళీ బయాప్సీ అంటారు, పెద్దవాళ్ళకి ఎందుకా బాధ.

వీల్‌చైర్ సంగతి కూడా చెప్పాలి. పేషెంట్ ఓపిక ఎంతుందో 0 నుంచి 4 దాకా ఒక స్కోరు వేస్తారు, 0 అంటే పూర్తి ఓపిక, 4 అంటే పూర్తిగా మంచాన పడ్డట్టు, చాలా ట్రయల్స్‌కి 0 లేదా 1 కావాలి. ఇంట్లో వంట చేసుకుంటూ తిరిగే ఆవిడని, వరండా పొడవుగా ఉందని కొడుకు వీల్‌చైర్‌లో తోసుకొస్తాడు, చూసినవాళ్ళు మనిషి మంచాన పడిందనుకుంటారు. నటించమని చెప్పట్లేదు, ఆవిడ మామూలుగా ఎలా ఉంటారో అలా కనపడనివ్వండి, రోజంతా ఏం పనులు చేసుకుంటారో ఆవిడనే చెప్పనివ్వండి.

పసుపుచామంతి:
నేనే పేషెంట్‌ని అండీ. నన్ను స్క్రీనింగ్‌లోనే తీసేశారు. పొట్టలో నీరు ఉంది, సీఏ-125 పెరుగుతోంది, కానీ స్కాన్‌లో కొలవడానికి గడ్డ లేదన్నారు. సీటీలో కనీసం 10 మిల్లీమీటర్లు ఉండాలట, లింఫ్ గ్రంథి అయితే అడ్డంగా 15. నీరు లెక్కలోకి రాదట. జబ్బు లేదంటే సంతోషపడాలా, ఏడవాలా అర్థం కాలేదు నాకు! అందుకని స్కాన్ రిపోర్టులో కొలతలు రాశారో లేదో చూసుకోండి, చాలా రిపోర్టుల్లో "మల్టిపుల్ డిపాజిట్స్" అని రాసి వదిలేస్తారు, సీడీ కూడా అడిగి తీసుకోండి.

పేగు అడ్డుపడి వాంతులతో ఆస్పత్రిలో చేరిన వాళ్ళని కూడా సాధారణంగా తీసుకోరు. చుట్టాలెవరో చెప్పారని నాటు మందులేమైనా వాడుతుంటే దాచొద్దు. లివర్ పరీక్షలు పెరిగితే దాంతోనే పక్కన పెట్టేస్తారు. నాకైతే తర్వాత వేరే చోట మామూలు కీమోనే నడుస్తోంది, బానే ఉన్నాను.

రామాపురం_అబ్బాయి:
మీ నాన్నగారి భయం మా ఇంట్లోనూ ఉండేది. రెసిస్టెంట్ జబ్బు ట్రయల్స్‌లో కొత్త మందుని ఎక్కువగా మామూలు కీమోతోనే పోలుస్తారు, రోగిని ఏ మందూ లేకుండా ఉత్త బిళ్ళలతో వదిలేయరు. పైన చెప్పిన మిరాసోల్‌లో 453 మంది ఆడవాళ్ళు. అందులో కొత్త మందు రానివాళ్ళకి వీక్లీ పాక్లిటాక్సెల్, లైపోసోమల్ డాక్సోరూబిసిన్, టోపోటెకాన్‌లలో డాక్టరు ఎంచినది ఇచ్చారు, అంటే మీకు ఎటూ రాసినదే. కొత్త మందు వచ్చినవాళ్ళలో సగం మంది 16 నెలలకి పైగా బతికారు, కీమో వాళ్ళలో ఆ లెక్క 13 నెలలకి కాస్త తక్కువ. అద్భుతమేమీ కాదు గానీ తేడా ఉంది. 2022లో అమెరికాలో తాత్కాలికంగా ఒప్పుకున్న ఆ మందుకి 2024లో పూర్తి అనుమతి వచ్చింది కూడా ఈ ఫలితాల వల్లే.

మన దేశంలో 2019 రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం వాళ్ళే ఉచితంగా చేయించాలి, నష్టపరిహారం కూడా ఉంది. కన్సెంట్ పత్రం తెలుగులో ఇవ్వాల్సిందే, ఇంగ్లీషుది చూపించి సంతకం పెట్టమంటే పెట్టకండి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు బయటికి రావచ్చు. అయినా నిర్ణయం అమ్మగారిది కదా, నాన్నగారికంటే ముందు ఆవిడని అడిగారా?

శైలు_తెనాలి:
అడిగాను, "నడిచినన్నాళ్ళు నడుస్తాను, వెళ్దాం" అంది. బ్లాకులకి రేపే వెళ్తాను. రక్తం సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకా ఈ ట్రయల్ మన దగ్గర జరుగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

కోఆర్డినేటర్_హైదరాబాద్:
రక్తం అవసరమని డాక్టరు అంటే ఎక్కించేయండి, ట్రయల్ కోసం ఆపొద్దు. తేదీ మాత్రం రాసిపెట్టుకోండి, ఎందుకంటే కొన్ని ప్రోటోకాల్స్‌లో పరీక్షకి ముందు రెండు వారాలో నాలుగు వారాలో రక్తం ఎక్కించి ఉండకూడదని ఉంటుంది. ఐరన్ తక్కువేమో కూడా చూపించండి, ఇంజెక్షన్‌తో పెరిగితే ఆ గొడవే ఉండదు.

ఇక్కడ జరిగే ప్రతి ట్రయల్‌నీ సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా) వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి, 2009 నుంచి అది తప్పనిసరి. తమ్ముడు పంపిన నంబరు కొట్టి వెతకండి, ఇండియాలో ఏయే ఆస్పత్రులో, అక్కడ చూసే డాక్టరు ఫోన్ నంబరేంటో, ఇంకా పేషెంట్లని చేర్చుకుంటున్నారో లేదో ఉంటుంది. మెయిల్ పెట్టి ఊరుకోకండి, ఫోన్ చేయండి. బ్లాకులు ఇచ్చేటప్పుడు ల్యాబ్ వాళ్ళు అసలు హిస్టోపాథాలజీ రిపోర్టు, పేషెంట్ ఆధార్ అడుగుతారు, రెండూ పట్టుకెళ్ళండి.