డాక్టర్ పులాస్కీ: తప్పు పాత్రదా, రాసినవాళ్లదా?

గోదారిగట్టు:
అంతరిక్ష ఓడ కథతో నడిచే అమెరికన్ టీవీ సీరియల్ స్టార్ ట్రెక్ నెక్స్ట్ జెనరేషన్ రెండో సీజన్ (1988-89) గురించి మాటొస్తే చాలు, డాక్టర్ పులాస్కీని తిట్టడంతోనే మొదలవుతుంది. మొదటి సీజన్ అవగానే బెవర్లీ క్రషర్‌గా వేసిన గేట్స్ మెక్‌ఫాడెన్‌ని తప్పించి, ఓడ డాక్టరుగా డయానా ముల్డార్‌ని తెచ్చారు. మూడో సీజన్‌కల్లా క్రషర్ వెనక్కొచ్చింది, పులాస్కీ మాయమైంది. ముల్డార్ నటనకి వంక పెట్టేదేం లేదు. మొదటి మూడు ఎపిసోడ్లలో పులాస్కీని డేటా (ఓడలో పనిచేసే, మనిషి రూపంలోని యంత్రం) మీదికి ఉసిగొల్పిన రచయితలే ఆ పాత్రను చంపేశారని నేనంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

వార్ప్9:
రచయితల మీదికి నెట్టేస్తే సరిపోదండీ. మొదటి ఎపిసోడ్ ‘ది చైల్డ్’లో ఓడ కౌన్సెలర్ ట్రాయ్ ప్రసవం సీను చూడండి. తోడుగా నేనుంటానని డేటా వస్తే, ఆమెకి ఇప్పుడు కావాల్సింది మనిషి స్పర్శ, యంత్రం చల్లటి చెయ్యి కాదని పులాస్కీ మొహం మీదే అనేస్తుంది. ఉండనివ్వమని చివరికి నొప్పులు పడుతున్న ట్రాయే చెప్పాల్సొచ్చింది. అదే ఎపిసోడ్లో అతన్ని ‘డాటా’ అని పిలుస్తుంది (మన దగ్గర సగం మంది అలాగే అంటారు, అది వేరే సంగతి). అతను సరిచేస్తే, ఏం తేడా అని నవ్వుతుంది. ఒకటి నా పేరు, రెండోది కాదు అని డేటా జవాబు. అక్కడితో చూసేవాళ్లు ఎవరి పక్షమో తేలిపోయింది. వచ్చీ రాగానే అందరికీ ఇష్టమైనవాణ్ని చులకన చేస్తే ఎవరు ఊరుకుంటారు?

పాత_క్యాసెట్:
1960ల నాటి మొదటి స్టార్ ట్రెక్ సీరియల్లోని డాక్టర్ మెకాయ్-స్పాక్ కీచులాటని మళ్లీ తెద్దామనుకున్నారు, బెడిసికొట్టింది. ఎందుకంటే స్పాక్ ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి. మెకాయ్ ఒకటంటే కనుబొమ్మ ఎత్తి రెండంటించేవాడు. దెబ్బకు దెబ్బ పడుతోంది కాబట్టి సరదాగా ఉండేది. డేటాకి తనను అవమానించారన్న సంగతి కూడా సరిగ్గా తట్టదు. తిరిగి అనలేనివాణ్ని అంటుంటే అది వేధింపులాగే కనిపిస్తుంది. మగ డాక్టరు మొరటుతనం ముద్దొచ్చి, యాభై ఏళ్ల ఆడ డాక్టరుది మాత్రం పొగరైపోయిందన్న మాటలోనూ నిజం లేకపోలేదు. కాకపోతే దాని వాటా తక్కువ.

ఇంకోటి. ఆ ఏడాది రచయితల సమ్మె వల్ల సీజన్ 26 నుంచి 22 ఎపిసోడ్లకి తగ్గింది. ‘ది చైల్డ్’ కూడా 1970ల్లో మొదలుకాకుండానే ఆగిపోయిన మరో ట్రెక్ సీరియల్ కోసం రాసిన స్క్రిప్టే, దుమ్ము దులిపి వాడుకున్నారు. పులాస్కీ కోసమని పుట్టిన ప్రవేశ కథే లేదు. ముల్డార్ పేరు ఓపెనింగ్ టైటిల్స్‌లో కూడా పడలేదు, ఏడాదంతా అతిథి నటి లెక్కే.

గోదారిగట్టు:
@వార్ప్9 గారూ, మీరు మొదటి ఎపిసోడ్ దగ్గరే ఆగిపోయారు. రెండోదాంట్లోనే డేటాని ప్రాణంలేని పరికరంలా మాట్లాడి, వెంటనే నాలుక్కరుచుకుని క్షమించమంటుంది. 15వది ‘పెన్ పాల్స్’ చూడండి. ప్రైమ్ డైరెక్టివ్ ప్రకారం వేరే గ్రహం విషయంలో తలదూర్చకూడదని మిగతావాళ్లు వాదిస్తుంటే, డేటా స్నేహితురాలు చనిపోబోతోంది, దానికి విలువ లేదా అని అడిగేది ఈవిడే. ‘మనిషి స్పర్శ’ అన్న ఆవిడే డేటాకి స్నేహముంటుందని ఒప్పుకున్నట్టు కదా! 21వదాంట్లో కోల్‌రామీ అనే వ్యూహ నిపుణుడితో ఆటకి డేటాని ముందుకు తోసేదీ ఆవిడే. అతను ఓడి, తనలోనే లోపముందని బ్రిడ్జి మీదికి రావడం మానేస్తే సర్దిచెప్పడానికి వెళ్తుంది. క్రషర్‌కి ఏడు సీజన్ల సీరియల్లో ఇంత మార్పు ఎక్కడుందో చూపించండి.

వార్ప్9:
మారిందని ఒప్పుకుంటా. కానీ మారాల్సిన చోట ఎక్కడుంది ఆవిడ? 9వ ఎపిసోడ్ ‘ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’. డేటా మనిషిలాంటివాడా, స్టార్‌ఫ్లీట్ (ఈ ఓడల్ని నడిపే సంస్థ) ఆస్తా అని విచారణ. అతన్ని మనిషిగా లెక్కించనిది ఓడ మొత్తం మీద ఈ డాక్టరే. కోర్టులో ఎక్కించాల్సిన సాక్షి! ఆవిడేమో మొదట్లో పేకాట బల్ల దగ్గర, తర్వాత వీడ్కోలు విందులో కనిపించి ఊరుకుంటుంది. డేటాకి వ్యతిరేకంగా వాదించే పని కెప్టెన్ తర్వాతి అధికారి రైకర్ నెత్తిన పడింది. పులాస్కీని బోనెక్కించి, అక్కడే మనసు మారినట్టు రాసుంటే ఈ చర్చే ఉండేది కాదు.

గోదారిగట్టు:
ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు కరెక్టు. నేను రచయితల్ని తిట్టేది కూడా ఇందుకే.

జీడిపాకం:
మన డైలీ సీరియళ్లలో ‘ఇకనుంచి ఈ పాత్రలో’ అని కింద స్క్రోలింగ్ వేసి నటిని మార్చేస్తారు, వారంలో జనం సర్దుకుంటారు. ఇక్కడ పాత్రనే మార్చారు. పైగా క్రషర్ స్టార్‌ఫ్లీట్ మెడికల్‌కి బదిలీ అయిందని రెండు ముక్కల్లో తేల్చేసి, కొడుకు వెస్లీని ఓడలోనే ఉంచారు. అతను కనిపించినప్పుడల్లా తల్లి ఏదని గుర్తొస్తుంది. అదే మొదటి సీజన్లో టాషా యార్ చనిపోతే భద్రతాధికారి కుర్చీలోకి క్లింగాన్ అనే గ్రహాంతర జాతివాడు వర్ఫ్ వచ్చాడు. అప్పటికే ఓడలో ఉన్నవాడు కాబట్టి ఎవరూ కిక్కురుమనలేదు.

నక్షత్రకుడు:
పులాస్కీ ఎపిసోడ్లు ఏ వరసలో చూడాలి? మొదటిది చూసి ఆపేశాను.

పాత_క్యాసెట్:
7వదానితో మొదలుపెట్టు బ్రో. ట్రాన్స్‌పోర్టర్ (మనిషిని ఒకచోట మాయం చేసి ఇంకోచోట తేల్చే యంత్రం) అంటే పులాస్కీకి పడదు. దాంతో, ముసలితనం ముంచుకొచ్చే జబ్బు అంటుకున్నప్పుడు ఆమెను మామూలు మనిషిగా మార్చడానికి పాత ట్రాన్స్‌పోర్టర్ నమూనా దొరకదు. గదిలో దువ్వెనకి చిక్కుకున్న వెంట్రుక కుదురులోంచి డీఎన్‌ఏ తీసి కాపాడతారు. తర్వాత 5: చూపులేని ఇంజినీరు జియోర్డీకి చూపు తెప్పించే దారులున్నాయని చెప్పేది ఈవిడే. ఆపైన 15, 18, 21. పద్దెనిమిదిలో మనుషులకి విషమైన క్లింగాన్ టీని, విరుగుడు మందు వేసుకుని మరీ వర్ఫ్‌తో కలిసి తాగుతుంది. అవయ్యాక 3కి వెళ్లు, డిటెక్టివ్ కథని సొంతంగా విప్పలేవని డేటాతో ఆవిడ వేసే పంతం అప్పుడు అంత చేదుగా అనిపించదు. 22 వదిలెయ్. అది పాత ఎపిసోడ్ల ముక్కలు అతికించింది. ఆవిడకి అదే ఆఖరిది, వీడ్కోలు సీనంటూ ఏం లేదు.