క్రాష్ అయిన ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) విమానం మళ్ళీ ఎగరేయొచ్చా?

ఫోమ్‌రెక్క:
మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. ఆదివారం పొద్దున్నే హొసకోటె అవతల ఖాళీ మైదానంలో నా ఫోమ్ ట్రైనర్ (నేర్చుకునేవాళ్ళకి చేసిన విమానం) ఎగరేస్తుంటాను. వింగ్‌స్పాన్ 1.2 మీటర్లు, 3ఎస్ 2200 (అంటే మూడు సెల్స్, 2200 ఎంఏహెచ్) లైపో బ్యాటరీ. పోయినవారం వంద మీటర్ల దూరంలో మలుపు తిప్పుతుంటే స్టిక్‌కి పలకడం మానేసింది, థ్రాటిల్ (మోటర్ స్పీడు మార్చే స్టిక్) పూర్తిగా కిందికి లాగినా మోటర్ అదే స్పీడులో తిరుగుతూ వెళ్ళి గట్టు మీద పడింది. పక్కనే మేకలు కాసే పిల్లాడున్నాడు. వాడికేం కాలేదు గానీ నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. ముక్కు అతికించాను. బ్యాటరీ కాస్త ఉబ్బింది, వోల్టేజ్ మాత్రం సరిగ్గానే ఉంది. ఈ ఆదివారం తీసుకెళ్ళొచ్చా?

జక్కూరు_అన్న:
వద్దు తమ్ముడూ. మోటర్ ఆగలేదన్నావు కదా, అసలు విషయం అదే. విమానంలో ఉండే రిసీవర్‌కి కరెంటు ఉంది, రిమోట్ సిగ్నల్ పోయింది, ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఏం చెయ్యాలో ముందే చెప్పే సెట్టింగ్) పెట్టలేదు కాబట్టి చివరి థ్రాటిల్‌నే పట్టుకుని ఉంది. ముందు ప్రొపెల్లర్ విప్పెయ్. ఇది మర్చిపోవద్దు, నా చూపుడువేలికి ఏడు కుట్లు పడ్డాయి. తర్వాత మోటర్ సగం స్పీడులో ఉండగా రిమోట్ ఆఫ్ చెయ్. ఆగకపోతే థ్రాటిల్ సున్నా ఉండేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి మళ్ళీ ఇలాగే చూడు. రిసీవర్ యాంటెనా కూడా చూడు, 2.4 గిగాహెర్ట్జ్‌లో చివరి 3 సెంటీమీటర్ల తీగే పని చేసేది, అది తెగినా, బ్యాటరీకో కార్బన్ రాడ్‌కో ఆనుకుని ఉన్నా రేంజ్ పడిపోతుంది. రిమోట్‌ని రేంజ్ చెక్ మోడ్‌లో (సిగ్నల్ బలం తగ్గించే మోడ్) పెట్టి ముప్ఫై అంగలు నడిచి, అక్కడి నుంచి అన్ని సర్వోలూ (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటర్లు) కదులుతున్నాయో లేదో చూసుకో.

లక్ష్మి_హెచ్ఎస్ఆర్:
ఆ బ్యాటరీని ఛార్జింగ్‌కి పెట్టకండి, దయచేసి. దెబ్బ తిన్న సెల్ కూడా దానికి ఏమీ తగిలించనప్పుడు మంచి వోల్టేజే చూపిస్తుంది. మా ఇంట్లో ఇలాగే కొద్దిగా ఉబ్బినదాన్ని ఛార్జ్ చేస్తుంటే మంట లేచి కర్టెన్ అంటుకుంది, పాప పక్క గదిలో నిద్రపోతోంది. చిన్న బల్బు తగిలించి, ఆరుబయట, దగ్గరే ఉండి పూర్తిగా ఖాళీ చేసి ఈ-వేస్ట్‌కి ఇచ్చేయండి. కొత్తదాన్ని 2.2 ఆంపియర్లు దాటకుండా ఛార్జ్ చేయండి, వారమంతా వాడకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి, ఎండలో కారులో వదిలేయొద్దు.

గాలివాలు:
ముక్కుకి జిగురు పట్టిస్తే బరువు మారుతుంది, సీజీ (విమానం బరువు సమంగా తూగే చోటు) మళ్ళీ చూసుకోండి, రెక్క ముందంచు నుంచి వెడల్పులో పాతిక, ముప్ఫై శాతం మధ్య ఉండాలి. బెంగళూరులో హెచ్ఏఎల్, యెలహంక, జక్కూరు, దేవనహళ్ళి విమానాశ్రయాలన్నీ ఉన్నాయి కాబట్టి డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) మీ మైదానం ఏ జోన్‌లో ఉందో చూడకుండా వెళ్ళకండి. మేకల పిల్లాడు కనిపిస్తే పిలిచి మీ వెనక నిలబెట్టుకోండి, చూడ్డానికి వాడికీ ఇష్టమే.

ఫోమ్‌రెక్క:
అన్నా, ప్రొపెల్లర్ విప్పి చూశాను. రిమోట్ ఆఫ్ చేశాక కూడా మోటర్ తిరుగుతూనే ఉంది. యాంటెనా తీగ బ్యాటరీ కింద నలిగిపోయి ఉంది. కొత్త రిసీవర్, బ్యాటరీ ఆర్డర్ పెట్టాను, ఈ ఆదివారం వెళ్ళడం లేదు.